గాలి పడవకి అతుకు వేసే ముందు

విశాఖపట్నం,
డిసెంబర్ చివరి వారం

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో ముగ్గురూ ఒకేసారి "తాతయ్యా, పడవ ఎలా ఉంది?" అని అరిచారు. నా మోకాళ్ళ గురించి ఒక్కరూ అడగలేదు, సరే. పడవ బాగాలేదు. ఎడమ ట్యూబుకి రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి మెత్తబడుతోంది. నేనే కూర్చుని బాగుచేసేవాణ్ణి గానీ, సంక్రాంతికి ఎలాగూ వస్తున్నారు కదా, ఈసారి అతుకు మీ చేతే వేయిద్దామని ఆగాను. వచ్చేలోగా ఈ ఉత్తరం చదివి పెట్టుకోండి. ఫోన్‌లో చెబితే సగంలో పెట్టేస్తారు.

మన పడవంటే ఏముంది? రెండు పొడుగాటి గాలి ట్యూబులు, వాటి మధ్య అల్యూమినియం ఫ్రేము, దాని మీద కుర్చీ, రెండు తెడ్లు. దీన్ని పాంటూన్ అంటారు. జాలారిపేటలో ఒక ముసలాయన దీన్ని చూసి, "ఇది తెప్పే కదా బాబూ, దుంగలకి బదులు గాలి పెట్టారు" అని తేల్చేశాడు. ఆయన మాటే నాకు నచ్చింది. తెప్పంటే నాలుగైదు దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో బిగించి కట్టినది. వేట నుంచి తిరిగొచ్చాక ఆ కట్లు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవాళ్ళు. నానిన దుంగ బరువెక్కి తేలదు మరి. అంత అలిసిపోయి వచ్చి కూడా ఆ పని మానేవాళ్ళు కాదు. మీరేమో కిందటిసారి తడి పడవని అలాగే చుట్టి పారేసి ఐస్‌క్రీముకి పరిగెత్తారు.

అసలు సంగతికి వస్తాను. ట్యూబు మెత్తబడిన ప్రతిసారీ బెజ్జం పడినట్టు కాదు. మన ట్యూబుల్లో 3 పీఎస్ఐ (చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్లని చెప్పే కొలత) ఒత్తిడి చాలు. నాన్న బైకు టైరుకి 30 దాకా కొట్టిస్తాడు, అందులో పదో వంతు. అందుకే పెట్రోలు బంకులో గాలి పైపు దీని దగ్గరికి తేకూడదు. కాలితో తొక్కే పంపే దీనికి తగినది.

ఇప్పుడు ఒక లెక్క. పొద్దున్న 27 డిగ్రీల్లో 3 పీఎస్ఐ కొట్టి, పడవని ఒడ్డున ఎండలో వదిలేశామనుకోండి. మధ్యాహ్నానికి లోపలి గాలి 57 డిగ్రీలకి వేడెక్కిందనుకుందాం. మీ సైన్సు పుస్తకం చెప్పే కెల్విన్ లెక్కలో అది 300 నుంచి 330 అయినట్టు, అంటే పదో వంతు పెరిగినట్టు. పదో వంతేగా అనకండి. బయటి గాలి ఒత్తిడి 14.7, మనం కొట్టింది 3, మొత్తం 17.7. దానికి పదో వంతు కలిపితే దాదాపు 19.5. అందులోంచి బయటి 14.7 తీసేస్తే గేజి మీద 4.8! ట్యూబు కాస్త సాగుతుంది కాబట్టి అంతా చూపించకపోవచ్చు గానీ, పాత అతుకులు విడిపోవడానికి అది చాలు. ఒడ్డున ఆపితే కాస్త గాలి వదలమని నేను గోల పెట్టేది ఇందుకే.

చల్లటి నీళ్ళలోకి దించితే ఇదే లెక్క తిరగబడుతుంది. మొదటి ఏడాది భీమిలి దగ్గర, గోస్తనీ సముద్రంలో కలిసే చోట, పడవ దించిన పది నిమిషాలకి రెండు ట్యూబులూ మెత్తబడ్డాయి. నాకు టెన్షన్ పట్టుకుని తెడ్లు ఎడాపెడా వేసి ఒడ్డుకి వచ్చేశాను. బెజ్జం ఎక్కడా లేదు. గాలి చల్లబడింది, అంతే. రెండూ ఒకేలా మెత్తబడితే సాధారణంగా అది చల్లదనమే. ఒక్కటే మెత్తబడితే అనుమానించాలి. ఇప్పుడు మన ఎడమది అదే కథ.

అనుమానం మొదట వాల్వు మీద పెట్టండి, ట్యూబు మీద కాదు. ఒకసారి మూడు గంటలు ట్యూబంతా తడిమి తడిమి చూశాను. చివరికి వాల్వు మూత కింద రబ్బరు వాచరు మీద ఒక్క ఇసుక రేణువు! అది పళ్ళలో రాయిలా అడ్డుపడి మూత పూర్తిగా కూర్చోనివ్వలేదు. మంచినీళ్ళతో కడిగి, వేలితో తుడిచి, బిగిస్తే తెల్లారేదాకా గట్టిగా ఉంది. ఈసారి వాల్వులు ముందే కడిగి చూశాను. వాటి తప్పేం లేదు.

ఇక మిగిలింది సబ్బు నీళ్ళు. సైకిల్ షాపులో ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తాడు కదా, మన ట్యూబుకి సరిపడా తొట్టి మేడ మీద లేదు. అందుకని నీళ్ళనే దాని మీదికి తెస్తాం. చెంబుడు నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు కలిపి, పెయింటు బ్రష్షుతో జానెడు జానెడు చొప్పున పూయాలి. ఫ్యాను ఉండకూడదు, తొందర ఉండకూడదు. పెద్ద బెజ్జమైతే బుస్సుమంటుంది, దొరికిపోతుంది. చిన్నదైతే ముందు ఏమీ కనిపించదు. కాసేపు ఆగి చూస్తే ఆవగింజంత తెల్లటి నురుగు చుక్క ఒకటి, పక్కనే ఇంకొకటి, పురుగు గుడ్లలా పోగవుతాయి. అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. నేను చూడనే లేదు, ఒట్టు. మీ కోసం దాచాను.

దొరికాక జిగురు. ఇక్కడే నేను చేసిన వెధవ పని చెప్పాలి. ఒక జూలైలో కుడి ట్యూబుకి బెజ్జం పడితే, సైకిల్ పంక్చర్ సొల్యూషన్ ఉంది కదా అని పూసి, పాత ట్యూబు ముక్క అంటించాను. గోరుతో గీకినా రాలేదు, చాలా గర్వపడ్డాను. ఆదివారం భీమిలిలో, నీళ్ళ మధ్యలో, ముక్క ఒక అంచు నుంచి నెమ్మదిగా నాలుకలా లేచింది. కుడి వైపు కుంగిపోయి, నేనూ మీ మామయ్యా ఎడమ ట్యూబు మీదికి జరిగి, కోతుల్లా పట్టుకుని ఒడ్డు చేరాం. ఒక ట్యూబు పోయినా రెండోది మోస్తుంది కాబట్టి సరిపోయింది.

తప్పు రెండు చోట్ల జరిగింది. ఆ సొల్యూషన్ రబ్బరు కోసం చేసింది, మన పడవ గుడ్డ పీవీసీ అనే ప్లాస్టిక్. దీనికి పాలీయురథేన్ జిగురు కావాలి, గట్టిపరిచే ద్రవం విడిగా వస్తుంది, రెండూ కలపాలి. ఖరీదైన పడవలకి వాడే హైపలాన్ అనే రకం గుడ్డకి మళ్ళీ వేరే జిగురు. ఏది ఏదో తెలియకపోతే, కనిపించని మూల ఒక చుక్క ఎసిటోన్ (గోళ్ళరంగు తుడిచే ద్రవం) వేసి ముట్టుకోండి. జిగటగా అంటుకుంటే పీవీసీ, ఏమీ కాకపోతే హైపలాన్.

రెండో తప్పు జూలై. జిగురులోని ద్రవం ఆవిరైపోతూ ఆ చోటుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే, చల్లటి గ్లాసు మీద చెమట పట్టినట్టు, జిగురు మీద కంటికి కనపడని నీటి పొర పడుతుంది. తర్వాత మీరు అంటించేది నీళ్ళ మీద! మన ఊళ్ళో వానాకాలం గోడలే చెమట కక్కుతాయి, అప్పుడు అతుకు మాటెత్తకూడదు. సంక్రాంతి రోజులు మేలు. అదీ మంచు ఆరిపోయాక, పదకొండు దాటాక, నీడలో.

పని ఇలా సాగుతుంది. గాలి పూర్తిగా తీసేస్తాం. అదే రకం గుడ్డ మీద పెరుగు గిన్నె బోర్లించి గుండ్రంగా కత్తిరిస్తాం. బెజ్జానికి అన్ని వైపులా 5 సెంటీమీటర్లు రావాలి. మూలలు ఉంటే అవే ముందు లేస్తాయి, అందుకే గుండ్రం. ముక్క అంటించే వైపూ, ట్యూబు మీద ఆ చోటూ ఎమరీ పేపరుతో మెరుపు పోయేదాకా రుద్ది, ఎసిటోన్‌తో తుడుస్తాం. ఆ తర్వాత వేలు పెట్టొద్దు, వేలి జిడ్డు చాలు అంతా చెడిపోవడానికి. ఎసిటోన్, జిగురు నేనే పట్టుకుంటాను, మేడ మీద ఆరుబయట. ఆ రోజు అక్కడ ఎవరూ టపాసు కాల్చకూడదు, మిగిలిన భోగి పిడకలు కూడా కింద వీధిలోనే.

జిగురు పల్చగా ముక్కకీ ట్యూబుకీ పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పల్చగా పూయాలి. వేలి వెనక వైపు తాకిస్తే అంటుకుంటున్నట్టుండి అంటుకోకూడదు, అదీ అదను. అప్పుడు ముక్కని ఒక అంచు నుంచి నెమ్మదిగా దించండి. ఒకసారి పడ్డాక జరపలేం. తర్వాత అప్పడాల కర్రతో మధ్య నుంచి అంచులకి గట్టిగా దొర్లించి, లోపలి గాలి బుడగలన్నీ బయటికి తోలేయాలి. ఆపైన 24 గంటలు దాని జోలికి పోకూడదు. మీకు ఇదే అన్నిటికన్నా కష్టం.

మిగతావి పెద్ద విషయాలు కావు. ఉప్పునీళ్ళలోంచి వస్తే మంచినీళ్ళతో కడగడం, ముఖ్యంగా ఫ్రేముకి స్టీలు బోల్టులున్న చోట. అల్యూమినియం, స్టీలు, ఉప్పు ముగ్గురూ కలిస్తే తెల్లటి పొడి రాలుతుంది, కన్నాలు పడతాయి. నేను ప్లాస్టిక్ వాచర్లు వేసి గ్రీజు పూశాను. కార్లకి మెరుపు కోసం కొట్టే సిలికాన్ స్ప్రే పడవకి కొట్టొద్దు, రేపు అతుకు పట్టదు. ఆరాక పౌడర్ చల్లి వదులుగా మడవాలి, ప్రతిసారీ ఒకే మడత కాకుండా. మడిచాక నేల మీద పెట్టకుండా దూలానికి వేలాడదీయాలి. చేపల ఎరల వాసన తగిలితే ఎలుకలు వదలవు. ఎడమ ట్యూబు బెజ్జం వాటి పంటి గాటే అని నా అనుమానం, చూద్దాం.

భోగి నాడు వెతకడం, పండగ నాడు అతుకు, కనుమ నాడు గాలి పరీక్ష. సబ్బు నురుగు మళ్ళీ పూసి ఏమీ రాకపోతే, ఆ మర్నాడు భీమిలి. లైఫ్ జాకెట్లు మూడూ తీసి చూశాను, పెద్దోడికి పొట్టవుతుంది, వాడికి కొత్తది తెస్తాను. నదిలో నిలకడ నీళ్ళ వరకే, అలల్లోకి పోదామని ఎవరూ మొదలుపెట్టొద్దు.

వచ్చేటప్పుడు పాత టూత్‌బ్రష్షులు తీసుకురండి, వాల్వులు తోమడానికి. అప్పడాల కర్ర సంగతి మాత్రం మామ్మకి చెప్పకండి.

మీ
తాతయ్య