పాత వంతెన కాటన్ దొరది కాదు: గోదావరి డెల్టా రైళ్లపై అపోహలు - వాస్తవాలు

డెల్టాలోని సింగిల్ లైన్ (రాకపోకలకు ఒకే జత పట్టాలు) స్టేషన్లలో చాలా ఏళ్లు స్టేషన్ మాస్టరుగా పనిచేశాను. ఇప్పుడు ఏ పెళ్లికి వెళ్లినా, విస్తరి ముందు కూర్చోగానే పక్కవారు నాకే రైల్వే చరిత్ర చెప్పడం మొదలుపెడతారు. పప్పులో నెయ్యి చల్లారిపోతుందని అక్కడ వాదించను. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు.

అపోహ: ఆనకట్ట కట్టిన కాటన్ దొరే రాజమండ్రి రైలు వంతెన కూడా కట్టించాడు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. పాత వంతెన పని 1897లో మొదలైంది, రైళ్లు నడిచింది 1900లో. కాటన్ 1899 జూలైలోనే ఇంగ్లండులో కన్నుమూశారు. తేదీల సంగతి అలా ఉంచితే, అసలు ఆయనకు రైలు మీద మోజే లేదు. సరుకుల రవాణాకు రైలు కంటే కాలువ చవక, పైగా అదే నీరు పొలాన్నీ తడుపుతుంది కదా అని వాదించిన మనిషి. ఏలూరు కాలువలో బెజవాడ దాకా పడవలు నడిచాయంటే ఆ ఆలోచన చలవే. అలాంటి వ్యక్తికి రైలు వంతెన అంటగట్టడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

వంతెన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. అంతకు ముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టింది ఆయనే. ఇక్కడ ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 స్పాన్‌లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) వేశారు. ఈ వంతెనకున్న హేవలాక్ అన్న పేరు 1857 తిరుగుబాటు నాటి సేనానిది కాదు, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్‌ది. 1997లో దానికి విశ్రాంతినిచ్చారు. కూలిపోతుందని భయపడి మూశారని చెప్పేవాళ్లు ఉన్నారు. దాదాపు వందేళ్లు మోసింది, పక్కన కొత్త ఆర్చి వంతెన తయారైంది, అంతే.

అపోహ: మద్రాసు - హౌరా లైను మొత్తం ఒకే కంపెనీ ఒకే ఊపులో వేసింది.

బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో ప్రభుత్వమే 1893 - 96 మధ్య ముక్కలు ముక్కలుగా తెరిచింది. వంతెన ఇంకా లేదు. నదికి ఇటు కొవ్వూరు, అటు రాజమండ్రి. మధ్యలో గోదావరిని దాటించే పని పడవలదే. తరువాత వాల్తేరు దగ్గర లైనును పంచారు. దక్షిణపు ముక్క 1901లో మద్రాసు రైల్వేకు, ఉత్తరపు ముక్క ఆ మరుసటేడు బెంగాల్ నాగపూర్ రైల్వేకు వెళ్లాయి.

లోపలి లైన్ల కథ ఇంకా అతుకుల బొంత. బందరు లైను 1908 నాటిది, మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం ఒక మీటరే. గుడివాడ నుంచి భీమవరానికి 1928లో వేసిందీ మీటర్ గేజే. మెయిన్ లైను బ్రాడ్ గేజ్, అంతకంటే వెడల్పు. పట్టాల వెడల్పు మారిన చోట మనిషి దిగి ఇంకో బండి ఎక్కగలడు. ధాన్యం బస్తాను మాత్రం కూలీ మోయాలి. 1960ల దశకంలో గేజ్ మార్చాకే ఆ బాధ తప్పింది.

అపోహ: లూప్ లైనులో (స్టేషనులో మెయిన్ లైను పక్కన ఉండే పట్టాలపై) రైళ్లు ఆగిపోయేది సిబ్బంది బద్ధకం వల్ల.

ఇది నాకు తగిలే మాట కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. సింగిల్ లైనులో రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక్క బండే ఉండాలి. నేను పనిచేసిన చోట దానికి హామీ టోకెన్. పక్క స్టేషను అనుమతి ఇస్తేనే యంత్రంలోంచి అది బయటికి వస్తుంది. డ్రైవరు చేతికి అందితేనే బండి కదులుతుంది. ఎదురుగా వచ్చే బండి గంట ఆలస్యమైతే, ఇటు బండి కూడా క్రాసింగ్ కోసం, అంటే అది వచ్చి దాటిపోయేదాకా, పడిగాపులు పడాల్సిందే. కిటికీలోంచి నన్ను తిట్టినవాళ్లలో ఒక్కరూ ఎదుటి బండిని తిట్టలేదు. విజయవాడ - గుడివాడ - భీమవరం - నర్సాపురం, బందరు, నిడదవోలు ముక్కలన్నీ కలిపి 221 కిలోమీటర్లు డబ్లింగ్ (రెండో లైను వేయడం), విద్యుదీకరణ చేశాక ఆ కథ మారింది.

అపోహ: సర్కార్ ఎక్స్‌ప్రెస్ అంటే ప్రభుత్వ బండి.

రైళ్లన్నీ ప్రభుత్వానివే కదండీ! ఆ పేరు ఉత్తర సర్కారుల నుంచి, అంటే ఈ కోస్తా ప్రాంతపు పాత పేరు నుంచి వచ్చింది.

అపోహ: కాకినాడ - కోటిపల్లి లైను 2004లో కొత్తగా వేసింది.

కొత్తది కాదు, తిరిగి వేసింది. అసలు లైను 1928 నాటిది. 1940లో యుద్ధ అవసరాల పేరుతో పట్టాలు పీకేశారు. ద్రాక్షారామం వైపు పెద్దవాళ్లు ‘పట్టాలు యుద్ధానికి వెళ్లాయి’ అంటే మనవళ్లు కట్టుకథ అనుకునేవారు. పెద్దవాళ్లే నిజం చెప్పారు. అరవై ఏళ్లకు పైగా ఆ కట్ట మీద రైలు లేదు.

అపోహ: కోనసీమది మెత్తటి నేల, రైలును మోయలేదు.

భీమవరం, పాలకొల్లు నేల ఏమైనా బండరాయా? అక్కడా డెల్టా మట్టే, అయినా రైలు తిరుగుతోంది. కోనసీమకు అడ్డు మట్టి కాదు, నీళ్లు. కోటిపల్లి నుంచి నర్సాపురం 57 కిలోమీటర్లే గాని గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి. 2000 - 01లో మంజూరైన లైను అది. అమలాపురం వెళ్లాలనుకున్నవాడు కోటిపల్లిలో రైలు దిగి, సంచి భుజాన వేసుకుని రేవుకు నడిచి, ముక్తేశ్వరం పంటు ఎక్కేవాడు.