దూరం నుంచి డిజైన్ పని: నెట్ తప్పు కానివి

నేనుండేది విజయవాడ. క్లయింట్ ఒక ఊళ్లో, ప్రింటింగ్ ప్రెస్ ఇంకో ఊళ్లో. ఈ పనిలో ఏ తలనొప్పి వచ్చినా అందరూ నెట్ మీదకే నెట్టేస్తారు.

అపోహ: స్పీడ్ నెట్ ఉంటే ఒకే గదిలో కూర్చున్నట్టే.

వాస్తవం: ఫిగ్మా అనే ఆన్‌లైన్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫైలు మీద నలుగురు కలిసి పనిచేయడానికి మామూలు బ్రాడ్‌బ్యాండ్ చాలు. తెలుగు పనిలో అసలు పేచీ ఫాంటు దగ్గర. ఒక ఆవకాయ లేబుల్‌కి క్లయింట్ ‘అను’ అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్ పంపారు. నా సిస్టమ్‌లో ఆ ఫాంటు లేదు. తెరిస్తే అన్నీ ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని సిస్టమ్‌లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి) కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు పెట్టుకుంటాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే మ్యాటర్ వచ్చింది కానీ ‘ఉప్పు’ కాస్తా ‘ఉపు’ అయింది. అప్పట్నుంచి కన్వర్ట్ చేసిన ప్రతి లైనూ క్లయింట్‌తో కాల్‌లో పైకి చదివిస్తున్నాను. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టారో లేదో చూసుకోండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. ప్రెస్‌కి వెళ్లే కాపీలో అక్షరాల్ని అవుట్‌లైన్స్ చేసేయండి, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మలుగా మార్చేయండి. ఎడిట్ చేసుకునే కాపీ మాత్రం విడిగా దాచుకోండి.

అపోహ: ఫోన్‌లో ఓకే అన్న రంగే ప్రింట్‌లో వస్తుంది.

వాస్తవం: తెర మీదది వెలుగు, కాగితం మీదది ఇంకు. తెర రంగుల పద్ధతి ఆర్‌జీబీలో మెరిసిన మిరపపండు ఎరుపు, ప్రింటు ఇంకుల పద్ధతి సీఎంవైకేలోకి మార్చగానే డల్ అవుతుంది. ప్రూఫ్, అంటే ప్రెస్ వాళ్లు తీసిచ్చే నమూనా ప్రింటు, కొరియర్‌లో తెప్పించుకోవాల్సిందే. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ప్రూఫ్ అనిపించుకోదు.

అపోహ: అమెరికా క్లయింటైతే పని రాత్రింబవళ్లు నడుస్తుంది.

వాస్తవం: డాలస్‌తో మనకు తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. నేను పొద్దున అడిగిన చిన్న సందేహానికి జవాబు వచ్చేసరికి రాత్రవుతుంది. అందుకే ఇప్పుడు ఉత్త ప్రశ్న పంపను. రెండు నమూనాలు పెట్టి, ఎక్కడ అనుమానమో అక్కడే కామెంట్ పిన్ చేసి, ‘ఏదీ చెప్పకపోతే మొదటిదే’ అని రాస్తాను. ‘ఎందుకో బాగోలేదండీ’ అనే కామెంటుకి మాత్రం నా దగ్గర మందు లేదు.

అపోహ: ‘ఫైనల్’ అని పేరు పెడితే ఫైనలే.

వాస్తవం: ఆ ఆవకాయ లేబుల్ ఫోల్డర్‌లో చివరి ఫైలు పేరు ‘ఫైనల్ 4 బావగారు చూశాక’.