జిమీ హెండ్రిక్స్ రికార్డింగులు: అపోహలు - వాస్తవాలు

అమెరికన్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ కథలు చెప్పని ఎలక్ట్రిక్ గిటార్ స్టూడెంట్‌ని నేనింతవరకు చూడలేదు. పళ్లతో వాయించాడట, స్టేజీ మీద గిటార్‌కి నిప్పంటించాడట, మత్తులో కళ్లు మూసుకుని వాయిస్తుంటే పక్కన టేపు తిరుగుతూనే ఉందట. నిప్పంటించిన మాట నిజమే. 1967 మార్చి 31న లండన్‌లో ఒకసారి, జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఇంకోసారి. ఆ రెండు రాత్రుల గురించి తెలిసినంతగా అతని స్టూడియో పని గురించి మన పిల్లలకి తెలీదు.

నేను హైదరాబాద్‌లో గిటార్ నేర్పుతాను. ఇంటి వెనక గదిలో చిన్న రికార్డింగ్ సెటప్ పెట్టుకుని జింగిల్స్, షార్ట్ ఫిల్ముల పనులు చేస్తుంటాను. కాబట్టి నా గోలంతా రికార్డింగుల గురించే.

అపోహ: గిటార్‌ని తిరగేసి, తీగలు కూడా తలకిందులుగానే ఉంచి వాయించేవాడు.

గిటార్ తిరగేసిన మాట నిజం, తీగల సంగతి కాదు. అలా తీగలు తలకిందులుగానే ఉంచి వాయించింది బ్లూస్ గిటారిస్ట్ ఆల్బర్ట్ కింగ్. ఎడమచేతి వాటం ఉన్న హెండ్రిక్స్ కుడిచేతి వాళ్ల కోసం చేసిన స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ని తిరగేసి, తీగలన్నీ విప్పి మళ్లీ కట్టుకునేవాడు. లావు తీగ మామూలుగానే పైన, సన్నది కింద.

ఇది ఎంత తలనొప్పి పనో చేస్తే తెలుస్తుంది. ఆ మధ్య మా క్లాసుకి ఎడమచేతి వాటం ఉన్న కుర్రాడు వచ్చాడు. వాళ్లమ్మ "సార్, అన్నం కుడిచేత్తోనే తింటాడు, ఇది కూడా కుడిచేత్తోనే నేర్పించండి" అంది. వాడు మాత్రం హెండ్రిక్స్‌లాగే కావాలని పట్టుబట్టాడు. నా దగ్గరున్న పాత గిటార్ తిరగేసి తీగలు కడితే, లావు తీగ నట్‌లో (మెడ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) సన్న తీగ గాడిలో కూర్చోదు. సన్న తీగేమో లావు తీగ గాడిలో అటూ ఇటూ కదిలి గరగరమంటుంది. చివరికి కొత్త నట్ కొని, ఆకురాయితో గాడులు అరగదీసుకున్నాను. బెల్టు గుండీ రెండో కొమ్ముకి మార్చాను. అన్నీ అయ్యాక వాల్యూమ్ నాబ్ మోచేతి కిందకి వచ్చింది, పాట మధ్యలో దానంతటదే తగ్గిపోతోంది!

ఇందులో సౌండ్‌కి సంబంధించిన సంగతి కూడా ఉంది. స్ట్రాటోకాస్టర్‌లో బ్రిడ్జ్ (తీగలు గిటార్ ఒంటి మీద ఆనే చోటు) దగ్గరి పికప్, అంటే తీగల కదలికని పట్టే మైకులాంటి భాగం, ఏటవాలుగా ఉంటుంది. గిటార్ తిరగేస్తే ఆ వాలు కూడా తిరగబడుతుంది. లావు తీగలు కాస్త పదునుగా, సన్న తీగలు కాస్త మెత్తగా పలుకుతాయి. అలాగే, ఎప్పుడూ అర స్వరం కిందికే శ్రుతి చేసేవాడు అనేది కూడా పూర్తిగా నిజం కాదు. తర్వాతి రికార్డుల్లో అది అలవాటే. కానీ 'హే జో', 'పర్పుల్ హేజ్' రికార్డులు మామూలు శ్రుతిలోనే ఉన్నాయి. రికార్డుతో పాటు వాయించబోయి కలవట్లేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇబ్బంది ఇదే.

అపోహ: స్టూడియోలో కూడా ఊపులో ఒక్క టేక్‌లో లాగించేసేవాడు.

ఇది వింటే నాకు నిజంగానే ఒళ్లు మండుతుంది.

మొదటి ఆల్బమ్ 'ఆర్ యూ ఎక్స్‌పీరియెన్స్‌డ్' (బ్రిటన్‌లో 1967 మే 12) చేసింది నాలుగు ట్రాకుల మెషీన్ల మీద, అంటే టేపు మీద విడివిడిగా రికార్డు చేసుకునే వరసలు నాలుగే. ఇప్పుడు నా స్టూడెంట్ ఫోన్‌లో కూడా అంతకంటే ఎక్కువ ట్రాకులుంటాయి. లండన్ ఒలింపిక్ స్టూడియోలో ఇంజనీర్ ఎడ్డీ క్రేమర్ చేసిన పద్ధతి ఇలా ఉండేది: డ్రమ్స్, బేస్, రిథమ్ గిటార్‌తో నాలుగు ట్రాకులూ నింపేయడం. ఆ నాలుగింటినీ రెండుగా కలిపి ఇంకో మెషీన్‌లోకి ఎక్కించడం. అక్కడ మిగిలిన రెండు ట్రాకుల్లో పాట, లీడ్ గిటార్. ఒకసారి కలిపాక డ్రమ్స్ ఎక్కువైందనిపించినా విడదీయలేం. ముందే చెవిలో మొత్తం పాట వినపడుతుంటే తప్ప ఇలాంటి నిర్ణయాలు తీసుకోలేరు.

ఆ ఆల్బమ్ టైటిల్ పాటలో గిటార్ వెనక్కి వినిపిస్తుంది. ఈ రోజుల్లో దానికి ఒక బటన్ చాలు. అప్పుడు టేపు తిరగేసి పెట్టి, పాట చివరి నుంచి మొదటికి నడుస్తుంటే దాని మీద వాయించి, మళ్లీ టేపు సరిగ్గా పెట్టి వినాలి. ఏ కార్డ్ మీద ఏ స్వరం పడుతుందో తల్లకిందులుగా లెక్క కట్టుకోవాలి. మా క్లాసులో ఒకసారి ఇదే పరీక్ష పెట్టాను. ఎనిమిది బార్ల ట్రాక్ రివర్స్ చేసి ఇచ్చి, దీని మీద వాయించండి, తర్వాత తిరగేసి విందాం అన్నాను. వచ్చింది వింటే కుక్కర్ విజిల్ లోపలికి పీల్చినట్టుంది. నాదీ అంతే, దాచుకోవడమెందుకు.

1968లో 'ఎలక్ట్రిక్ లేడీలాండ్' నాటికి ఈ పట్టుదల ఇంకా ముదిరింది. 'జిప్సీ ఐస్' పాటకి టేకులు నలభై దాటాయి. అతన్ని న్యూయార్క్ నుంచి లండన్ తీసుకొచ్చి నిలబెట్టిన మేనేజర్, నిర్మాత చాస్ చాండ్లర్ ఆ ఆల్బమ్ మధ్యలోనే తప్పుకున్నాడు. ఈ అంతులేని టేకులు, స్టూడియో నిండా చుట్టాలూ స్నేహితులూ అన్నట్టుండే వాతావరణం అతనికి పడలేదు. నిర్మాత కుర్చీలో కూర్చునే వాళ్ల బాధ నాకు తెలుసు కాబట్టి చాండ్లర్‌ని తప్పు పట్టను.

'ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్' వినండి. బాబ్ డిలన్ పాట. 1968 జనవరిలో లండన్‌లో నాలుగు ట్రాకుల మీద మొదలైంది. పన్నెండు తీగల అకూస్టిక్ వాయించింది డేవ్ మేసన్. బేసిస్ట్ నోయెల్ రెడింగ్ విసుగొచ్చి లేచి వెళ్లిపోతే, చివరికి ఆ బేస్ కూడా హెండ్రిక్సే వాయించాడు. తర్వాత టేపులు న్యూయార్క్ రికార్డ్ ప్లాంట్ స్టూడియోకి వెళ్లి పన్నెండు ట్రాకులకి, ఆ పైన పదహారుకి ఎక్కాయి. మధ్యలో వచ్చే సోలో నాలుగు ముక్కలుగా ఉంటుంది: మామూలు లీడ్, తర్వాత తీగ మీద జారే స్లైడ్, తర్వాత వావా పెడల్ (కాలితో నొక్కుతూ సౌండ్ మార్చే పెట్టె), చివర్లో కార్డ్స్. నాలుగింటికీ సౌండ్ వేరు, అయినా ఎక్కడా అతుకు కనపడదు. ఊపు మీద వచ్చిందని ఎలా అంటాం?

అలాగని అన్నీ నెలల తరబడి చెక్కినవి కావు. 'ద విండ్ క్రైస్ మేరీ' ఒక సెషన్ చివర మిగిలిన ఇరవై నిమిషాల్లో అయిపోయిందని చాండ్లరే చెప్పాడు.

అపోహ: ఆ మాయంతా పెడల్స్‌ది.

పెడల్స్ ఉన్నాయి, కాదనను. 'పర్పుల్ హేజ్' సోలోలో పైన ఇంకో స్థాయి కూడా పలుకుతున్నట్టుంటుంది చూడండి, అది రోజర్ మేయర్ అనే ఇంజనీర్ చేసిచ్చిన ఆక్టేవియా. 'లిటిల్ వింగ్'లో నీళ్ల మీద తేలినట్టుండే సౌండ్ మాత్రం పెడల్‌ది కాదు, ఆర్గన్‌కి వాడే తిరిగే స్పీకర్‌ది. ఆ సౌండ్‌ని అనుకరించే యూనివైబ్ పెడల్ 1969లో గానీ అతని చేతికి రాలేదు. మొదటి ఆల్బమ్ సౌండ్ కోసం యూనివైబ్ కొంటానని ఎవరైనా అంటే ఆ డబ్బు దాచుకోమంటాను.

సౌండ్‌ని గరుకుగా మార్చే ఫజ్ పెడల్ ఆన్‌లోనే ఉంచి, గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గిస్తే సౌండ్ శుభ్రంగా అయిపోతుంది, పెంచితే మళ్లీ గర్జిస్తుంది. అతని చిటికెన వేలు నాబ్ మీద చేసిన పని అదే. ఇక ఎడా పెడా కార్డ్స్ మధ్యలో చిన్న చిన్న సంగతులు వేస్తూ పోవడం, బొటనవేలు మెడ మీదుగా వేసి లావు తీగ నొక్కడం, ఇవి లండన్‌లో ఊడిపడలేదు. ఐస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ లాంటి గాయకుల వెనక నిలబడి రిథమ్ వాయించిన రోజుల్లో వచ్చిన చెయ్యి అది. కర్టిస్ మేఫీల్డ్ గిటార్ వినండి, ఎక్కడి నుంచి వచ్చిందో మీకే అర్థమవుతుంది.

అపోహ: అట్ట మీద విష్ణుమూర్తి ఉన్నాడు కాబట్టి హిందూ భక్తుడు.

'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' (1967 డిసెంబర్ 1) అట్ట చూడగానే మన ఇళ్లలోని విశ్వరూపం క్యాలెండర్ గుర్తొస్తుంది. నిజంగానే అలాంటి బజారు పటమే దానికి మూలం. ముఖాలు మాత్రం బ్యాండ్ వాళ్లవి. అది కంపెనీ వాళ్ల ఆలోచన, హెండ్రిక్స్‌ది కాదు. తన పూర్వీకుల్లోని అమెరికన్ ఇండియన్ మూలాలు చూపించి ఉంటే బాగుండేదన్నాడు. ఏ ఇండియన్‌కి ఏ ఇండియన్‌ని అంటగట్టారో చూడండి.

ఈ ఆల్బమ్ మొదటి సైడ్ ఫైనల్ మిక్స్ టేపుని అతనే టాక్సీలో మర్చిపోయాడు. రాత్రికి రాత్రి కూర్చుని దాదాపు అంతా మళ్లీ మిక్స్ చేశారు. ఒక్క 'ఇఫ్ సిక్స్ వాజ్ నైన్' మాత్రం మొదటిసారిలా కుదరలేదు. రెడింగ్ దగ్గర దాని కాపీ ఒకటుంది కానీ టేపు ముడతలు పడిపోయింది. ఇస్త్రీపెట్టెతో సాపు చేసి వాడారు. నా హార్డ్‌డిస్క్ పోయిన రోజు ఈ కథే చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నాను. హార్డ్‌డిస్క్‌కి ఇస్త్రీపెట్టె పనిచెయ్యదు, అదొక్కటే తేడా.

అపోహ: బోలెడన్ని ఆల్బమ్‌లు చేశాడు.

బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే. దానికి తోడు సొంతంగా ఒక లైవ్ ఆల్బమ్, 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' (1970 మార్చి). అదీ ఓ గొడవ తీర్చడానికి వచ్చిందే. పేరు రాకముందు, 1965లో, ఒక్క డాలర్ తీసుకుని ఒక శాతం రాయల్టీకి సంతకం పెట్టిన కాంట్రాక్ట్ మెడకి చుట్టుకుంటే, ఆ సెటిల్‌మెంట్ కింద ఇచ్చిన ఆల్బమ్ అది. కానీ అందులోని 'మెషీన్ గన్' పన్నెండు నిమిషాలూ వినకుండా ఎలక్ట్రిక్ గిటార్ గురించి మాట్లాడొద్దని నా పిల్లలకి చెబుతాను.

మిగతావి అతను పోయాక వచ్చినవి. వాటిలోనూ అన్నీ ఒకటి కాదు. 1975లో వచ్చిన 'క్రాష్ ల్యాండింగ్'లో అసలు డ్రమ్స్, బేస్ తీసేసి, హెండ్రిక్స్‌ని ఎన్నడూ చూడని సెషన్ వాళ్లతో కొత్తగా వాయించి అతికించారు. 1995లో హక్కులు కుటుంబానికి తిరిగొచ్చాక, అతను చివరి రోజుల్లో పని చేస్తున్న ఆల్బమ్‌ని 1997లో 'ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్' పేరుతో ఒక దగ్గరికి చేర్చారు. కొనేముందు అట్ట మీద విడుదల సంవత్సరంతో ఆగకుండా, లోపల ఏ పాట ఎప్పుడు రికార్డయింది, డ్రమ్స్ ఎవరు వాయించారు అన్న చిన్న అక్షరాలు చదవండి. అతనితో వాయించిన డ్రమ్మర్లు మిచ్ మిచెల్ పేరో, బడ్డీ మైల్స్ పేరో కనిపిస్తే కాస్త నమ్మొచ్చు.