87 సెంటీమీటర్లు, 2,060 టీఎంసీలు: వానకో లెక్క, నదికో లెక్క

ఏటా ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల మీద ఒక అంకె చెబుతుంది. 2024లో 106 శాతం అంది, 2025లో 105 అంది. రెండుసార్లూ చివరికి 108 శాతం కురిసింది. మర్నాటి పేపర్లలో ఆ అంకె పెద్దక్షరాల్లో వస్తుంది కానీ, అది దేనిలో శాతమో చెప్పే వార్త తక్కువ.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశం మొత్తానికి కురిసే సగటు వానలో అది శాతం. ప్రస్తుతం ఆ సగటు 87 సెంటీమీటర్లు, 1971 నుంచి 2020 వరకు యాభై ఏళ్ల లెక్క. అంతకుముందు 1961-2010 లెక్కలో 88 సెంటీమీటర్లు ఉండేది, దానికి ముందు 1951-2000 లెక్కలో 89. అంటే ఇవాళ్టి నూరు శాతం వాన పాత లెక్కలో దాదాపు 98 శాతమే. తడి దశాబ్దాలు, పొడి దశాబ్దాలు మారి మారి రావడం రుతుపవనాలకు సహజమేనని, ఈ తగ్గుదల ముఖ్యంగా అందువల్లేనని వాతావరణ శాఖ వివరణ ఇచ్చింది. కారణం ఏదైనా, పదేళ్లకోసారి కొలబద్దను సరిచూసుకునే అలవాటు ఆ శాఖకు ఉంది.

కృష్ణా నదికి ఆ అలవాటు లేదు. మనం పంచుకుంటున్న 2,060 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) 1972తో ఆగిపోయిన లెక్క. రుతుపవనాల అంచనా, నదిలో నీటి వాటా అన్నవి ఒకే విషయానికి రెండు ముఖాలని మనం అనుకుంటాం. చరిత్ర చూస్తే అవి రెండు వేర్వేరు దారుల్లో వచ్చాయి, ఇప్పటికీ సరిగ్గా కలవలేదు.

అంచనాల కథ మొదలైంది కరువులోనే. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని, అందులోనూ బళ్లారి, కర్నూలు, కడప సీమలను ఊడ్చేసిన ధాత కరువు తర్వాత, వాన సంగతి ముందే తెలుసుకునే దారి వెతకమని బ్రిటిష్ ప్రభుత్వం వాతావరణ శాఖను అడిగింది. 1875లో పుట్టిన ఆ శాఖకు తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. హిమాలయాల్లో చలికాలపు మంచు ఎక్కువగా పడితే ఆ తర్వాత రుతుపవనాలు బలహీనపడతాయని ఆయన గమనించాడు. 1882 నుంచి ప్రయోగాత్మకంగా అంచనాలు కట్టి, 1886 జూన్ 4న మొదటి అధికారిక అంచనా వెలువరించాడు. ఆయన వారసుడు జాన్ ఎలియట్ మరిన్ని అంశాలు కలిపి అంచనాను పెద్దది చేశాడు కానీ, 1899లో మంచి వానలని చెప్పిన ఏడాదే ఘోరమైన కరువు పడింది.

1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. ఆయన గణితవేత్త, వాతావరణం చదువుకున్నవాడు కాదు. 1913లో మద్రాసు వచ్చినప్పుడు శ్రీనివాస రామానుజన్ నోటు పుస్తకం చూసి, ఈ కుర్రాడికి స్కాలర్‌షిప్ ఇవ్వండని విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసింది ఈయనే. దేశదేశాల గాలి పీడనాలు, వానలు, ఉష్ణోగ్రతలు కుప్ప పోయించి, గుమాస్తాలతో లెక్కలు కట్టించి, ఏది దేనితో కలిసి పెరుగుతోందో, ఏది తగ్గుతోందో చూశాడు. పసిఫిక్ మహాసముద్రం మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గడం, మళ్లీ అటుది ఇటు కావడం ఆ లెక్కల్లోనే బయటపడింది. పసిఫిక్ నీళ్లు వేడెక్కి మన వానలను తరచూ తగ్గించే ఎల్‌నినోతో దాని బంధం ఏమిటో 1960ల చివర్లో గానీ తేలలేదు. వాకర్ వెతికింది భారతదేశపు వాన కోసం, దొరికింది ప్రపంచ వాతావరణాన్ని ఊపే ఊయల.

అయితే ఈ బంధాలు ఎప్పటికీ ఒకేలా ఉండవు. 1988లో వసంత్ గోవారీకర్ బృందం 16 అంశాలతో కొత్త నమూనా తయారు చేసింది. 2001 దాకా వరసగా సాధారణ వానలే కురవడంతో దాని మీద గట్టి నమ్మకం కుదిరింది. ఈ మధ్యలోనే 1997 వచ్చింది. ఆ శతాబ్దంలోకెల్లా బలమైన ఎల్‌నినోల్లో ఒకటి పసిఫిక్‌లో ఉన్నా మనకు 102 శాతం వాన పడింది. ఎల్‌నినోకూ మన వానలకూ ఉన్న ముడి సడలుతోందని కృష్ణకుమార్, బాలాజీ రాజగోపాలన్, మార్క్ కేన్ 1999లో రాశారు. హిందూ మహాసముద్రంలోనే పడమటి వైపు ఒకలా, తూర్పు వైపు ఒకలా వేడెక్కే ద్విధ్రువ స్థితి గురించి కూడా అదే ఏడాది తెలిసింది. 2002లో 101 శాతం వస్తుందన్నారు, వచ్చింది 81. జులైలో పడాల్సిన వానలో సగమే పడింది. ఆంధ్రలో, తెలంగాణలో నారుమళ్లు ఎండిన ఆ ఏడాదితో పాత నమూనా పని అయిపోయింది. 2003లో, 2007లో నమూనాలు మార్చారు. 2004లో మళ్లీ 13 శాతం లోటు రానే వచ్చింది. 2012లో మొదలైన మాన్‌సూన్ మిషన్‌తో పుణేలో సముద్రాన్నీ గాలినీ కలిపి కంప్యూటర్‌లో నడిపే పద్ధతి వచ్చింది. 2021 నుంచి రకరకాల నమూనాల ఫలితాలను కలిపి అంచనా ఇస్తున్నారు. ఇటీవలి ఏళ్లలో అంచనాలు నిజానికి దగ్గరగా ఉంటున్నాయి. ఆ మెరుగుదలను తక్కువ చేసి చూడక్కర్లేదు.

ఇక నది సంగతి. కృష్ణా నీటిని రాష్ట్రాల మధ్య పంచడానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ముందు పెద్ద ప్రశ్న, కృష్ణలో నికరంగా ఎన్ని నీళ్లున్నాయన్నది. విజయవాడ దగ్గర 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల ప్రవాహాల లెక్క తీసి, నాలుగేళ్లలో మూడేళ్లు ఖాయంగా వచ్చే నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800. పొలాల నుంచి తిరిగి నదిలోకి వచ్చే నీటిని కలిపితే మన వాటా 811 అయింది. బాగా వానలు పడిన ఏడాది వచ్చే మిగులు జలాలను వాడుకునే స్వేచ్ఛ దిగువ రాష్ట్రంగా మనకు దక్కింది, హక్కుగా మాత్రం కాదు. తెలుగుగంగ, హంద్రీ-నీవా, గాలేరు-నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు అన్నీ ఆ మిగులు మీద పెట్టుకున్న ఆశలే. నికర జలాలు, మిగులు జలాలు, వరద జలాలు అంటూ రైతు సంఘాల సమావేశాల్లో గంటలకొద్దీ నడిచే వాదన అంతా ఆ 78 ఏళ్ల జాబితాలోంచి పుట్టిందే.

నదికి నీళ్లిచ్చేది ఎక్కువగా మహాబలేశ్వర్ వైపు పడమటి కనుమలు. అక్కడ కురిసింది ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటి శ్రీశైలం చేరాలి. కాబట్టి దక్షిణ భారతానికి వాతావరణ శాఖ ఇచ్చే అంచనా మన చేలకు పనికొస్తుందేమో గానీ నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములకు పెద్దగా ఉపయోగపడదు. ఆ రైతు చూసేది ఆల్మట్టి నిండిందా లేదా అని. ఆయన లెక్కే సరైంది.

ఈ రెండు లెక్కలూ ఎంత దూరంగా ఉన్నాయో 2009 చూపింది. ఆ ఏడాది 96 శాతం వానలని ఏప్రిల్‌లో చెప్పి, జూన్‌లో 93కి దించారు. సెప్టెంబరు 30న లెక్క మూసేసరికి కురిసింది 78 శాతమే, 1972 తర్వాత అంత లోటు ఎప్పుడూ లేదు. రెండు రోజుల తర్వాత, అక్టోబరు 2న, కర్నూలు మునిగింది. మంత్రాలయం, అలంపూర్ నీళ్లలో ఉన్నాయి. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీరు నిలిచింది. వాన పడింది పడమటి కనుమల్లో కాదు. అల్పపీడనం కర్నూలు, మహబూబ్‌నగర్, ఉత్తర కర్ణాటకల మీద కుమ్మరించింది. కరువు ఏడాది కదా అని జలాశయాల్లో వచ్చిన ప్రతి చుక్కనూ పట్టి పెట్టుకున్నారని, వరదకు చోటే మిగల్చలేదని తర్వాత విమర్శలు వచ్చాయి. లోటు ఏడాదిలో ఏ ఇంజనీరుకైనా గేట్లెత్తడానికి చెయ్యి రాదు. తప్పు మనుషులది అనేకంటే, వారం పది రోజుల ముందు వచ్చే వాన సూచనను జలాశయం మట్టంతో ముడిపెట్టే కట్టుదిట్టమైన నియమం అప్పటికి లేకపోవడమే అసలు లోపమని నాకనిపిస్తుంది.

దీర్ఘకాలిక మార్పు ఈ చిక్కును ఇంకా పెంచుతోంది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1901-2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 నుంచి 2015 వరకు నైరుతి వానలు దాదాపు 6 శాతం తగ్గాయి. ఎక్కువ తగ్గిన చోట్లలో గంగా మైదానంతో పాటు పడమటి కనుమలూ ఉన్నాయి. కృష్ణ పుట్టే చోటే అది. గాలిలో పెరిగిన పొగ, ధూళి కణాలను కూడా ఒక కారణంగా ఆ నివేదిక చెప్పింది. అదే కాలంలో మధ్య భారతంలో రోజుకు 15 సెంటీమీటర్లు మించే కుండపోతలు మాత్రం 75 శాతం పెరిగాయి. మొత్తం తగ్గుతోంది, పడేది ఒక్కసారిగా పడుతోంది.

2023లో ఇది మన కళ్ల ముందే జరిగింది. జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, తెలంగాణలో అదే రికార్డు. తర్వాతి నెల, ఆగస్టు, 1901 నుంచి చూస్తే దేశంలో అన్నింటికంటే పొడి ఆగస్టు. రుతుపవనాలు ముగిసేసరికి లెక్క 94 శాతం, అంటే సాధారణం కంటే కాస్త తక్కువ, అంతే. ఆ అంకె చూసి లక్ష్మీదేవిపేట సంగతి గానీ, నిండని సాగర్ సంగతి గానీ ఎవరూ ఊహించలేరు. ఆ నవంబరు 30న, తెలంగాణ పోలింగ్ రోజున, సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు.

పడిందాన్ని పట్టి ఉంచే చోటు కూడా తగ్గింది. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 215 పడుతుంది. సాగర్ 408 నుంచి 312కి వచ్చింది. రెండింటిలో కలిపి పోయిన జాగా దాదాపు 190 టీఎంసీలు. కుండపోతలు పెరిగే రోజుల్లో పూడిక తగ్గుతుందని ఆశించలేం.

బచావత్ తీర్పును 2000 మే 31 తర్వాత సమీక్షించవచ్చని అందులోనే రాసుంది. అందుకే 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ వచ్చింది. అది పాత జాబితాను పక్కన పెట్టి 1961-62 నుంచి 2007-08 వరకు 47 ఏళ్లు తీసుకుంది. నాలుగింట మూడేళ్ల లెక్కన 2,173 టీఎంసీలు, వందలో 65 ఏళ్ల లెక్కన 2,293, సగటు 2,578 అని చెప్పి, మిగులును కూడా ఎగువ రాష్ట్రాలకు పంచింది. మన అభ్యంతరం అక్కడే. సుప్రీంకోర్టు స్టే వల్ల ఆ తీర్పు గెజిట్‌లోకి ఎక్కలేదు. 2015 ఏర్పాటు ప్రకారం 811లో ఆంధ్రప్రదేశ్ 512, తెలంగాణ 299 చొప్పున వాడుకుంటున్నాయి. 2023 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాలతో ఈ వాటా మీద ట్రిబ్యునల్ మళ్లీ విచారణ చేపట్టింది.

47 ఏళ్ల ఆ జాబితాలో 2009 వరద లేదు. సాగర్ ఆయకట్టుకు ఖరీఫ్‌లో నీళ్లందని 2015 లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటిన 2024 సెప్టెంబరు కూడా లేదు. బ్రిజేశ్ కుమార్ తీర్పులోనూ సమీక్షకు ఒక తేదీ రాసుంది: 2050 మే 31 తర్వాత.