ఉప్పు అంగడి ఎటు పోయింది?

తిరుపతి పాతూరులో, గోవిందరాజస్వామి గుడి గోపురం కనిపించేంత దగ్గరలో, ఈమధ్యే ఒక పెద్ద అపార్ట్‌మెంట్ లేచింది. అంతకుముందు అక్కడ రెండు మిద్దెలు, వాటి వెనక పాడుబడిన సత్రం ఒకటి ఉండేవి. ఇప్పుడు రెండు లిఫ్టులు, జనరేటరు, గేటు దగ్గర కెమెరాలు. మా పిన్ని, చిన్నాయన ఏడో అంతస్తులో ఫ్లాట్ కొనుక్కుని చేరారు. పిల్లలిద్దరూ బెంగళూరులో. ‘స్వామి దగ్గర, స్టేషన్ దగ్గర, ఆస్పత్రి దగ్గర’ అని బ్రోకర్ చెప్పాడు. మూడూ నిజమే. చేరిన మూడోరోజు పిన్ని నాకు ఫోన్ చేసింది.

“రేయ్, ఈడ కరేపాకు ఎక్కడ దొరుకుతుందిరా?”

నవ్వాను. ఆ సాయంత్రం ఆమె వెంట నడిచాక నవ్వు పోయింది. గేటు దాటి ఎడమకు తిరిగితే మొదట గిఫ్ట్ ఆర్టికల్స్. తర్వాత రాగి ఉంగరాలు, కాశీదారాలు, గుండు చేయించుకున్నవాళ్ళకి టోపీలు. ట్రావెల్స్. లాడ్జి. టిఫిన్ సెంటర్. మళ్ళీ లాడ్జి. స్వామి పటాలు. మందుల షాపు. ఆ చివర చిప్స్ పాకెట్లు తోరణాల్లా వేలాడే చిన్న బంకు. అక్కడ నీళ్ళ సీసాలున్నాయి, షాంపూ పాకెట్లున్నాయి, దువ్వెనలున్నాయి. కందిబేడలు అడిగితే బంకాయన మమ్మల్ని కిందికీ మీదికీ చూసి “ఏ ఊరు మీది?” అన్నాడు. యాత్రికులం అనుకున్నాడు. కొండకొచ్చినవాళ్ళకి కందిబేడలతో పనేంటని ఆయన అనుమానం.

పిన్నికి తెలియంది, ఆ బంకాయనకీ తెలియంది ఒకటుంది. ఒకప్పుడు ఈ వీధుల్లో కందిబేడలు ఎక్కువగా అడిగినవాళ్ళలో యాత్రికులూ ఉన్నారు.

ఈ ఊరు పెరిగిందే గుడి చుట్టూ. రామానుజాచార్యులు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, చుట్టూ వీధులు వేయించారని చెప్పుకుంటాం. మాడవీధులు, వాటిని అంటుకుని కర్నాల వీధి, తీర్థకట్ట వీధి, బండ్ల వీధి. బండ్ల వీధి పేరులోనే ఎద్దుబండ్లు ఉన్నాయి. 1886లో మునిసిపాలిటీ వచ్చింది, 1891లో రైలొచ్చింది. రైలొచ్చినా కొండెక్కడానికి మాత్రం కాలినడకే, కాదంటే డోలీ. కాబట్టి బండి దిగినవాడైనా రైలు దిగినవాడైనా ముందు ఊళ్ళో సత్రంలో దిగాలి. మూడు రాళ్ళు పెట్టుకుని వండుకోవాలి. మీదికి పోయేటప్పుడు కూడా బియ్యం, బేడలు, చింతపండు మూటగట్టుకుని పోవాలి. అదే బియ్యం, అదే చింతపండు వీధిలో కాపురమున్న ఇల్లాలికీ కావాలి. ఉప్పు నుంచి చింతపండు దాకా అన్నీ అమ్మే ఒకే శెట్టి అంగడి, మా మాటలో ఉప్పు అంగడి, ఇద్దరికీ సరిపోయేది.

ఆ అంగడి ఎట్లా ఉండేదో మా అవ్వ చెప్పేది. ఇంటి ముందుభాగమే అంగడి. వీధి తిన్నె మీద గోనెసంచులు మూతులు విప్పి వరసగా పెట్టేవాళ్ళు. రాత్రి పలకలు ఒక్కొక్కటే గాడిలో దించి మూసేవాళ్ళు. పలకలకి ఒకటి, రెండు, మూడు అని సుద్దతో అంకెలు ఉండేవి, తెల్లారి వరస తప్పకుండా. పడి, సేరు కొలతలు. కిలోలు తప్పనిసరి అయ్యింది 1962లో. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అవ్వ పడి లెక్కే అడిగేది, శెట్టి మనసులోనే కిలోల్లోకి మార్చుకునేవాడు. శెట్టి కాపురం ఆ గోడ వెనకే. రాత్రి పదికి చుట్టాలొచ్చినా వెనక తలుపు కొడితే చక్కెర దొరికేది. ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. పిల్లలు పోతే కొసరుగా బెల్లం ముక్క. ఇప్పుడు పిన్ని వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో లేనివన్నీ ఇవే. దూరం ఒక్కటే అయితే ఆటో ఎక్కొచ్చు. అప్పు, కొసరు, అర్ధరాత్రి తలుపు తట్టే చనువు ఆటోలో రావు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మద్రాసు రాష్ట్రమంతా బియ్యానికి కంట్రోలు పెట్టారు. తిరుపతి అప్పుడు మద్రాసులోనే. 1952లో ముఖ్యమంత్రిగా రాజాజీ ఆ కంట్రోళ్ళు ఎత్తేశారు. అంగడికి మళ్ళీ ఊపిరొచ్చింది. కానీ అప్పటికే అంగడి కింద నేల కదలడం మొదలైంది. దానికి కారణం రోడ్డు.

1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. బస్సు మీదికి పోయింది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. మూడు రోజుల యాత్ర ఒక రోజుకి తగ్గింది. ఒక్క రోజుకి వచ్చినవాడు పొయ్యి పెట్టడు, హోటల్లో తింటాడు. 1985లో తిరుమలలో నిత్యాన్నదానం మొదలైంది. కొండమీదికి బియ్యం మూట మోసే పని పూర్తిగా తీరింది. అది మంచిదే, దాన్ని తప్పు పట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. కానీ నా లెక్కలో శెట్టి అంగడి సగం బేరం పోయింది అక్కడే. యాత్రికుడి చేతి సంచిలోంచి బియ్యం పోయి, ఆ చోట్లో ఇంటికి తీసుకుపోయే పటాలు, బొమ్మలు, గాజులు చేరాయి. సంచి మారింది కాబట్టి అంగడి మారింది.

మిగతా సగం బేరం ఊళ్ళోవాళ్ళది. వాళ్ళూ కదిలిపోయారు. 1954లో విశ్వవిద్యాలయం, ఆ తర్వాత రుయా ఆస్పత్రి, మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్ ఆస్పత్రి. ఉద్యోగాలన్నీ పడమటి వైపు. 1981లో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చాక లేఔట్లు వరసగా పడ్డాయి. బాలాజీ కాలనీ, భవానీ నగర్, పద్మావతీపురం, ఎమ్మార్ పల్లె. పాతూరులో మిద్దె ఉన్నవాడు దాన్ని లాడ్జికి ఇచ్చి, ఆ అద్దెతో కాలనీలో గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు కట్టుకున్నాడు. ఎవరినీ అనేదానికి లేదు, మా తాత చేసిందీ అదే. మనుషులు ఎటు పోతే వెచ్చాల అంగడి అటు పోతుంది. ఈరోజుకీ కాలనీల్లో వీధి మలుపుకొకటి కనిపిస్తుంది. 2001లో 2.28 లక్షలున్న ఊరి జనాభా 2011కి సుమారు 2.87 లక్షలైంది. ఆ పెరిగినవాళ్ళు చాలావరకు అంచుల్లో చేరినవాళ్ళే అని ఊరు తిరిగిన ఎవరికైనా తెలుస్తుంది. 2007లో కార్పొరేషన్ అయింది, 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయింది. అద్దెకి దిగే ఉద్యోగులు ఇంకా పెరిగారు.

నడిబొడ్డున మాత్రం యాత్రికుడే రాజు. రోజూ 60 వేల నుంచి 80 వేల మంది స్వామి దర్శనం చేసుకుంటారు. వాళ్ళలో ఎక్కువమంది రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం దగ్గరో, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం దగ్గరో, ఏదో ఒక చోట ఈ వీధులు తొక్కేవాళ్ళే. వాళ్ళ కోసం అంగడి పెట్టేవాడు ఒక గదికి ఇవ్వగలిగినంత అద్దె కందిబేడలు అమ్మేవాడు ఇవ్వలేడు. బేడల మీద మిగిలేది కిలోకి కొద్ది రూపాయలు. పటం మీద, ఉంగరం మీద మిగిలేది వేరు. ఇంటి ఓనరు ధర్మసత్రం నడపడు కదా. మాస్టర్ ప్లాన్‌లో చూస్తే లాడ్జికీ ఉప్పు అంగడికీ తేడా లేదు, రెండూ కమర్షియలే. వీధిలో ఉప్పు అంగడి ఒకటైనా మిగలాలని ఏ పటంలోనూ గీత లేదు.

ఇప్పుడు ఆ వీధుల్లోకే అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. కొంటున్నవాళ్ళలో రెండు రకాలు కనిపిస్తున్నారు: రిటైరైనవాళ్ళు, బయటి దేశాల్లో ఉండి అమ్మానాన్నల కోసం కొనే పిల్లలు. అంటే, కార్ల కన్నా కాళ్ళ మీద ఎక్కువగా ఆధారపడే వయసువాళ్ళు. వీళ్ళకి కట్టిన భవనానికి వీధివైపు ముఖమే లేదు. నేల అంతస్తంతా కార్లకి. పార్కింగ్ చూపిస్తే కానీ ప్లాన్ పాస్ కాదు. స్తంభాల మీద లేచిన ఇంటికి తిన్నె ఉండదు, తిన్నె లేని చోట అంగడి ఉండదు. పిన్ని వాళ్ళ భవనంలో వీధివైపు ఒక్క షట్టర్ గది ఉంది. ‘టు లెట్’ బోర్డు పెట్టినప్పటి నుంచీ అడిగి పోయింది ఇద్దరు ట్రావెల్స్ వాళ్ళు, ఒక ఏటీఎం వాళ్ళు.

అమెరికా డౌన్‌టౌన్లలోనూ ఇదే గొడవ ఉందని పిన్ని కొడుకు చెబుతాడు. యుద్ధం తర్వాత అక్కడ జనం కార్లెక్కి శివార్లకి పోయారు, వాళ్ళ వెనకే సూపర్ మార్కెట్లూ పోయాయి. ఇప్పుడు నడిబొడ్డున టవర్లు లేస్తుంటే సరుకుల షాపు లేదు. అక్కడి వ్యవసాయ శాఖ పట్టణాల్లో మైలు దూరాన్ని ఒక కొలతగా పెట్టుకుంది, అంతకన్నా దూరముంటే అందుబాటు తక్కువ అని. ఆ కొలబద్ద ఇక్కడ పెడితే మనం పాసవుతాం. మైలు లోపల మార్కెట్ ఉంటుంది, ఏదో ఒక అంగడీ ఉంటుంది. కానీ మైలు అంటే అక్కడ పేవ్‌మెంట్ మీద మైలు. ఇక్కడ మైలు అంటే లగేజీ దింపే బస్సులు, ఎదురొచ్చే ఆటోలు, గంధం పూసిన గుండ్ల గుంపులు, కాలువ మీద కదిలే బండ. మోకాళ్ళ నొప్పులున్న పిన్నికి అది మైలు కాదు, యాత్ర.

సూపర్ మార్కెట్ల సంగతి చెప్పేదేముంది. 1986లో హైదరాబాద్‌లో త్రినేత్ర, 2006లో అక్కడే రిలయన్స్ ఫ్రెష్ మొదలై, నిదానంగా మన దాకా వచ్చాయి. వాటికి పెద్ద హాలు, పార్కింగ్ కావాలి. పాతూరు సందుల్లో రెండూ లేవు. ఫోన్లో తెప్పించుకోవచ్చు, నిజమే. చిన్నాయన నేర్చుకున్నాడు కూడా. గంగమ్మ జాతర వారంలోనో, స్వామి ఊరేగింపు పూటో డెలివరీ కుర్రాడు మూడు వీధుల అవతల నుంచి ఫోన్ చేసి “సార్, మీరే రావాలి” అంటాడు. చిన్నాయన చెప్పులేసుకుంటాడు.

ఈ వీధులు యాత్రికుల మీద ఎంత ఒరిగిపోయాయో 2020లో తెలిసింది. మార్చి 20న కొండమీద భక్తుల దర్శనం ఆగింది. నాలుగు రోజులకి దేశమంతా లాక్‌డౌన్. గాంధీ రోడ్డు మీద ఉడతలు తిరిగాయి. నిత్యావసరాల అంగళ్ళు తెరవొచ్చన్నారు సరే, తెరవడానికి అవి ఉండాలి కదా. పొద్దున పూట పాతూరువాళ్ళు సంచులు పట్టుకుని కాలనీల వైపు నడిచేవాళ్ళు. ఎప్పుడో కాలనీలకి పోయిన అంగడిని వెతుక్కుంటూ. జూన్‌లో దర్శనాలు మళ్ళీ మొదలయ్యాక ఆ సంగతి అందరూ మరిచిపోయారు.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం కింద సెల్లార్ పక్క గదిలో ఉంటుంది. వాళ్ళకి బియ్యం రేషన్ అంగడిలో. 2021లో బండ్లు ఇంటి ముందుకే వచ్చాయి, 2025 జూన్ నుంచి మళ్ళీ అంగడికే పోయి తెచ్చుకోవాలి. 65 ఏళ్ళు దాటినవాళ్ళకి, దివ్యాంగులకి మాత్రం ఇంటికే. బియ్యం సరే, మిగతావి? ఆమెకి ఏ రోజుకారోజు కావాలి. పది రూపాయల నూనె, అయిదు రూపాయల చింతపండు, రెండు ఎర్రగడ్డలు. సూపర్ మార్కెట్ అంత తక్కువ అమ్మదు, యాప్ అసలే అమ్మదు. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో సరుకుల గురించి గంట మాట్లాడారట కానీ ఆమె సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు తెలిసి ఆ భవనంలో ఉప్పు అంగడి అందరికన్నా ఎక్కువ అవసరం ఆమెకే.

రైతు బజార్లు 1999లో వచ్చాయి. రైతు నేరుగా అమ్ముకోవడం, మధ్యవాళ్ళు లేకపోవడం, ఆలోచన బంగారం లాంటిది. వారానికొకసారి ఆటోలో పోయి సంచి నింపుకొస్తే లాభమే. కొత్తిమీర వారం ఉండదు. రోజువారీ లోటు తీర్చేది తోపుడుబండే. 2014లో వీధి వ్యాపారులకు చట్టం వచ్చింది: సర్వే చేయాలి, గుర్తింపు పత్రం ఇవ్వాలి, అమ్ముకునే చోటు చూపించాలి అని. 2020లో వాళ్ళ కోసమే పెట్టిన స్వనిధి పథకం కింద మొదటి విడత 10 వేల అప్పు కూడా ఇచ్చారు. పిన్ని వాళ్ళ వీధికి ఒకామె రోజూ బండి తోసుకుని వస్తుంది. మదనపల్లె టమాటాలు, ఉర్లగడ్డలు, ఆకుకూరలు. అపార్ట్‌మెంట్ సంఘం పెట్టుకున్న మొట్టమొదటి రూలు ఏంటో తెలుసా? గేటు ముందు బండ్లు ఆపకూడదు, కార్లకి అడ్డం.

ఆమె గొడవ పడలేదు. రెండు ఇళ్ళ అవతల వేపచెట్టు కింద బండి ఆపుకుంటుంది. అక్కడి నుంచి అరిస్తే మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది, ఏడో అంతస్తుకి వినిపించదు. పిన్ని ఒకరోజు దిగిపోయి ఆమె నంబరు తీసుకుని, ఎవరినీ అడక్కుండా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చేర్చేసింది. సెక్రటరీ అలిగాడు, రెండు రోజులకి సర్దుకున్నాడు. ఇప్పుడు పొద్దున్నే ఏడుంపావుకి గ్రూపులో వాయిస్ మెసేజ్ వస్తుంది. వెనక ఆటో హారన్లు, మధ్యలో ఆమె గొంతు.

“మా, తోటకూర ఉండాది, మునక్కాయలు ఉండాయ్. కరేపాకు ఊరికినే ఇస్తా. బిన్నా దిగి రాండి.”