వెయ్యి కోట్ల సినిమాకు ఎన్ని టికెట్లు తెగాలి?

వడపళని, చెన్నై

పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

అంతంత డబ్బు పోసి సైన్స్ ఫిక్షన్ తీస్తే జనం చూస్తారా, తీసినవాళ్లకు ఏమైనా మిగులుతుందా అని అడిగారు. చూస్తారు. మిగలడం వేరే లెక్క. ఈ రెండూ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే ప్రతి పెద్ద సినిమా తర్వాతా మీలో మీకు అంత గొడవ. ముందు పోస్టర్ మీది అంకె సంగతి తేల్చుకుందాం.

పోస్టర్ మీద వేసేది గ్రాస్. అంటే జనం టికెట్లకు కట్టిన మొత్తం, పన్నుతో సహా. టికెట్ అసలు ధర 150 అనుకోండి. వంద దాటిన టికెట్ మీద జీఎస్టీ 18 శాతం, అంటే 27 రూపాయలు. మీ జేబులోంచి పోయింది 177. (మన తమిళనాడులో స్థానిక సంస్థల వినోదపు పన్ను కూడా ఉంది. లెక్క సులువుగా ఉంటుందని దాన్ని వదిలేస్తున్నాను.) పన్ను తీసేస్తే మిగిలిన 150ని నెట్ అంటారు. అందులో సగం హాలువాళ్లది. మిగతా 75లో డిస్ట్రిబ్యూటర్ కమిషన్ పది శాతం వేసుకుంటే ఏడున్నర పోతుంది. నిర్మాతకు చేరేది 67 రూపాయల 50 పైసలు. మీరిచ్చిన ప్రతి వందలో ముప్పై ఎనిమిది. వెయ్యి కోట్ల పోస్టర్ వెనక ఉన్నది సుమారు 380 కోట్లు.

ఇప్పుడు 500 కోట్లతో ఒక సినిమా తీశారనుకుందాం. ఓటీటీ, శాటిలైట్, ఆడియో హక్కులన్నీ కలిపి 200 కోట్లు వచ్చాయి. హాళ్ల నుంచి రావలసింది 300 కోట్లు. దాన్ని 67.50తో భాగించండి. దాదాపు 4 కోట్ల 44 లక్షల టికెట్లు తెగాలి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ, ఆంధ్ర రెండూ కలిపి ఎనిమిదిన్నర కోట్లకు కాస్త తక్కువ. చంటిపిల్లలతో సహా ప్రతి ఇద్దరిలో ఒకరు టికెట్ కొంటే అసలు వస్తుంది, లాభం ఆ తర్వాత మాట. పాన్ ఇండియా అని హడావుడి చేసేది గొప్పకోసం అనుకుంటారు చాలామంది. కాదు, ఈ భాగహారం కోసం.

టికెట్ రేటు పెంచవచ్చుగా అంటారేమో. తమిళనాడులో ప్రభుత్వ పరిమితి ఉంది కాబట్టి మామూలు మల్టీప్లెక్స్ టికెట్ చాలాకాలంగా రెండొందల లోపే నడుస్తోంది. బెంగళూరులో పెద్ద సినిమాకు మొదటి వారం అయిదొందలు దాటడం కొత్త కాదు. తెలుగు రాష్ట్రాల్లో జీవో తెచ్చుకుని పెంచుతారు. పెంచిన చోట తొలి మూడు రోజులు అభిమానులు కొంటారు. నలుగురున్న కుటుంబం మాత్రం ఓటీటీలో వచ్చాక చూద్దాంలే అంటుంది. సైన్స్ ఫిక్షన్‌కు ఆ కుటుంబమే ముఖ్యం.

ఇంకో మెలిక కూడా ఉంది. 2009లో హిందీ నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ కుదిరిన ఒప్పందం ప్రకారం నిర్మాత వైపు వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, తర్వాత 30. అర్థమవుతుందో లేదోనన్న అనుమానంతో ఆగే ప్రేక్షకుడు, పక్కింటివాళ్లు బాగుందన్నాక రెండో వారం వస్తాడు. అప్పటికి అతని టికెట్‌లో నిర్మాత భాగం తగ్గిపోయి ఉంటుంది. కొత్తరకం సినిమాకు జనం ఆలస్యంగా వస్తారు, ఆలస్యంగా వచ్చే డబ్బులో నిర్మాతకు తక్కువ దక్కుతుంది. మామూలు మాస్ సినిమాకు ఈ బాధ తక్కువ.

ఇక దర్శకుడు ఒకడే అయినా సినిమా హిట్టో ఫ్లాపో ఖర్చే ఎలా తేలుస్తుందో చూడండి. డెనీ విల్నవ్ అనే దర్శకుడు 2016లో ‘అరైవల్’ తీశాడు. ఖర్చు 4.7 కోట్ల డాలర్లు, వసూలు 20 కోట్లకు పైన. మర్నాటి ఏడు ‘బ్లేడ్ రన్నర్ 2049’ తీశాడు. ఖర్చు 15 కోట్ల డాలర్లకు పైనే, వసూలు సుమారు 26 కోట్లు. ఎక్కువ డబ్బు వచ్చింది రెండోదానికే. అయినా హాలీవుడ్‌లో మొదటిదాన్ని హిట్ అన్నారు, రెండోదాన్ని నష్టం అన్నారు. పబ్లిసిటీ ఖర్చు, హాళ్ల వాటా కలుపుకుని తీసిన ఖర్చుకు రెండున్నర రెట్లు గ్రాస్ రావాలన్నది అక్కడి మోటు లెక్క. 15ను రెండున్నరతో హెచ్చవేస్తే ముప్పై ఏడున్నర. పైగా ఆ సినిమా 163 నిమిషాలు, పిల్లలు ఒంటరిగా వెళ్లడానికి వీల్లేని సర్టిఫికెట్. నిడివి పెరిగితే రోజుకు ఒక ఆట తగ్గుతుంది. అదే దర్శకుడికి 2021లో ‘డ్యూన్’ మొదటి భాగం 16.5 కోట్ల ఖర్చుకు 40 కోట్ల దాకా తెచ్చింది. 2024లో రెండో భాగం 19 కోట్లకు 71 కోట్లు తెచ్చింది. మొదటి భాగం ఆ ఎడారి లోకాన్ని జనానికి అలవాటు చేసింది, ఆ అలవాటు లాభం రెండోది తిన్నది.

అలవాటు అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం, అసలు సంగతి ఇక్కడే ఉంది. 1957లో ఇక్కడే వడపళనిలో, విజయా వాహినీ స్టూడియోలో ‘మాయాబజార్’ తీశారు. అందులో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎక్కడో ఉన్న మనిషి కనిపిస్తాడు. మీ వీడియో కాలే. అది ఎలా పనిచేస్తుందని ఏ ప్రేక్షకుడూ అడగలేదు. కృష్ణుడి ఇంట్లో ఉండేదే కదా అనుకున్నాడు. పురాణంలో వింతకు నియమాలు మనకు ముందే తెలుసు. సైన్స్ ఫిక్షన్‌లో నియమాలు కొత్తగా చెప్పాలి. చెప్పడానికి అరగంట పడితే సినిమా చల్లబడిపోతుంది, చెప్పకపోతే జనం తప్పిపోతారు.

‘మాయాబజార్’కు దర్శకుడు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీసినప్పుడు చేసిన పని గమనించండి. కాలయంత్రం కొత్తది. అది వెళ్లి ఆగింది కృష్ణదేవరాయల కొలువులో. రాయలు, తెనాలి రామకృష్ణుడు అనగానే తెలుగువాడికి పరిచయం అక్కర్లేదు. సెట్లు, నగలు, పద్యాలు మనవాళ్లు ఏళ్లతరబడి చేస్తూ వచ్చిన పనే. తెలియని భవిష్యత్తుకు అందులో తక్కువ చోటిచ్చారు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ కూడా కురుక్షేత్రంతో మొదలై అశ్వత్థామను పట్టుకునే ముందుకు నడిచింది. అక్కడా వాహనాలు, ఆయుధాలు కొత్తవి, శాపం మాత్రం పాతదే. సుమారు 600 కోట్ల ఖర్చు అని చెప్పిన ఆ సినిమాకు వెయ్యి కోట్లు దాటిన గ్రాస్‌ను నిర్మాతలు ప్రకటించారు. అందులో నిర్మాత వాటా ఎంతో పైన నేర్చుకున్న లెక్కతో మీరే కట్టుకోవచ్చు. ఓటీటీ డబ్బు లేకపోతే ఏమయ్యేదో కూడా తెలుస్తుంది.

తెలిసినదాన్ని దాచేస్తే ఏమవుతుందో 2012 నాటి ‘జాన్ కార్టర్’ చెబుతుంది. అంగారక గ్రహం మీది కథ. పేరులోంచి అంగారకుడి మాటే తీసేశారు. అది ఏ రకం సినిమానో పోస్టర్ చూసి చెప్పలేని పరిస్థితి. దాని మీద 20 కోట్ల డాలర్ల దాకా నష్టం అని డిస్నీయే ప్రకటించింది.

ఖర్చు ఎక్కడ పెరుగుతుందో చెప్పాలి. గ్రాఫిక్స్ అంటే కంప్యూటర్ బొత్తాం కాదు. కథ బొమ్మలు గీసి, ప్రివిజ్ చేసి (సీనును ముందే కంప్యూటర్లో నమూనాగా కట్టి చూసి), షూటింగ్‌లో ప్లేట్ (బొమ్మ అతికించాల్సిన అసలు దృశ్యం) తీసి, అక్కడి వెలుతురు కొలిచి, కెమెరా కదలికను మ్యాచ్ మూవ్ చేసి (కంప్యూటర్లోని కెమెరాకూ అదే కదలిక ఇచ్చి), మనిషిని రోటోతో (ఫ్రేము ఫ్రేముకూ అంచు గీసి) వెనక దృశ్యం నుంచి విడదీసి, బొమ్మ కదిలించి, లైటింగ్ వేసి, రెండర్ చేసి (కంప్యూటర్ చేత ఆఖరి బొమ్మ కట్టించి), చివరికి కంపోజిటింగ్‌లో అన్నీ అతకాలి. ఒక్క నాలుగు సెకన్ల షాట్ తీసుకోండి. సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 96. ఫ్రేముకు అయిదు గంటల రెండర్ పడితే ఒక మెషీన్ మీద 480 గంటలు, అంటే ఇరవై రోజులు. వంద మెషీన్లు పెడితే అయిదు గంటల్లో అవుతుంది, అద్దె వంద మెషీన్లకూ కట్టాలి. అంతా అయ్యాక దర్శకుడు “రోబో కాస్త ఎడమకు ఉంటే బాగుండేది” అన్నాడంటే స్లాబ్ పోశాక గోడ జరపమన్నట్టే.

తప్పులు ఎక్కువగా జరిగేది నాలుగు చోట్ల. ఎడిటింగ్ ఖాయం చెయ్యకుండా షాట్లు కంపెనీలకు పంపేస్తారు, తర్వాత ఆ సీనే తీసేస్తారు, డబ్బు పోతుంది. గ్రీన్ మ్యాట్‌కు, అంటే వెనక కట్టే ఆకుపచ్చ తెరకు, నటుణ్ణి మరీ దగ్గరగా నిలబెడతారు, ఆకుపచ్చ మెరుపు జుట్టు అంచున పడి ఒక్కో ఫ్రేమూ చేత్తో కడగాల్సి వస్తుంది. సెట్లో వెలుతురు వివరాలు రాసుకోరు, అతికించిన బొమ్మ గాల్లో తేలినట్టుంటుంది. అన్నిటికంటే ప్రమాదం, పని ఎంత ఉందో తెలియకముందే రిలీజు తేదీ ప్రకటించడం. 2017 దీపావళికి రావలసిన ‘2.0’ గ్రాఫిక్స్ పని తెమలక 2018 నవంబరు 29కి వచ్చింది. మన చెన్నైలోనే చేసిన ‘అయలాన్’ 2018లో మొదలై 2024 సంక్రాంతికి విడుదలైంది. దాని దర్శకుడు ఆర్.రవికుమార్ అంతకుముందు 2015లో చిన్న ఖర్చుతో కాలయంత్రం సినిమా తీసి గెలిచినవాడే.

ఆలస్యానికి వెల ఎంత? సినిమా అప్పుకు నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ వేసుకుందాం. 200 కోట్ల మీద ఏడాదికి 36 కోట్లు. రోజుకు దాదాపు పది లక్షలు, ఒక్క ఫ్రేము కదలకపోయినా. నా ఉద్దేశంలో పెద్ద సైన్స్ ఫిక్షన్లను ముంచేది కథల వింతదనం కన్నా ఈ వడ్డీయే.

అందుకే వీలైనంతవరకు నిజంగా తయారుచేసుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. ‘కల్కి’లో బుజ్జి అనే బండి మన చెంగల్పట్టు దగ్గరి మహీంద్రా పరిశోధన కేంద్రమూ, కోయంబత్తూరు జయెమ్ వాళ్లూ కలిసి చేసిన ఆరు టన్నుల నిజం బండి. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. దాని మీద ఎండ పడితే నిజం ఎండే, లేచిన దుమ్ము నిజం దుమ్మే, వాటిని మళ్లీ కంప్యూటర్లో పుట్టించే పని ఆ మేరకు తగ్గుతుంది. తర్వాత ఆ బండినే ఊరూరా తిప్పి పబ్లిసిటీ చేసుకున్నారు.

ఒక సినిమా హిట్టని ఒకరు, ఫ్లాపని ఒకరు అంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. నిర్మాత నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అని ఏరియాలు అమ్మేస్తాడు. ఎన్.ఆర్.ఏ. మీద, అంటే తిరిగి ఇవ్వనవసరం లేని అడ్వాన్సు మీద అమ్మితే అతను ఒడ్డున పడ్డట్టే, మునిగేది ఏరియా కొన్న బయ్యర్. కమిషన్ మీద ఇస్తే లెక్క తిరగబడుతుంది, మునిగేది నిర్మాత. కాబట్టి ‘ఎవరికి?’ అని అడగకుండా వాదించకండి.

ఈసారి పెద్ద సినిమా వచ్చినప్పుడు కలెక్షన్ పోస్టర్లు పక్కనపెట్టి ఒక పని చెయ్యండి. శుక్రవారం మ్యాట్నీకి మీ దగ్గరి హాల్లో ఎన్ని సీట్లు నిండాయో టికెట్ యాప్‌లో ఆట మొదలయ్యే ముందు చూసి రాసుకోండి. సోమవారం మ్యాట్నీకి మళ్లీ చూడండి. సగానికి తగ్గకుండా ఉంటే సినిమా నిలబడే అవకాశం ఉంది. మూడో వంతుకు పడిపోతే రెండో వారం స్క్రీన్లు తీసేస్తారు. సెలవు రోజు పడిన సోమవారాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. టికెట్ మీద అసలు ధర, జీఎస్టీ విడివిడిగా అచ్చయి ఉంటాయి, వాటితో నిర్మాత వాటా కట్టి నాకు రాయండి.

మీ
తాతయ్య