పచ్చగీత నిండింది, లెక్క రాలేదు: చిన్న పాఠాల యాప్‌ల వెనక పాత పేచీ

ట్యాబ్‌లో భిన్నాల పాఠం పూర్తయినట్టు పచ్చగీత చూపిస్తుంది. అదే లెక్క నల్లబల్ల మీద వేసి నోటుపుస్తకంలో చేయమంటే పిల్లవాడు కలం ఆపేస్తాడు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉపాధ్యాయులకు ఈ పేచీ కొత్తదేం కాదు. సమీక్షా సమావేశంలో మండలాలవారీ పూర్తి శాతం పట్టిక తెర మీదకు వచ్చినప్పుడల్లా లేస్తుంది, నాలుగు రోజులు నడుస్తుంది, చల్లారుతుంది. ఇప్పుడు మళ్లీ లేచింది. పాఠాల్ని మరీ చిన్న ముక్కలు చేశారు కాబట్టే చదువు అంటడం లేదని ఒక పక్షం అంటోంది. ఇంకా చిన్నవి చేస్తేగానీ పిల్లలు చివరిదాకా చూడరని యాప్‌లు తయారుచేసేవాళ్లు అంటున్నారు. ఇద్దరి చూపూ ముక్క పొడవు మీదే ఉంది. ముక్క ఎప్పుడు ముగిసినట్టో తేల్చేది ఎవరన్న ప్రశ్నను మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇవ్వడం, అందులో బైజూస్ పాఠాలు నింపడం, 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లడం అందరూ చూసినవే. కరోనా నాటి ఆన్‌లైన్ తరగతుల సంగతీ అంతే. ఈ పేచీకి మూలం వాటిలో లేదు. 2001లో ఉంది.

అమెరికా రక్షణశాఖ చొరవతో ఏర్పడిన ఏడీఎల్ ఆ ఏడాది అక్టోబరులో స్కార్మ్ 1.2 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. ఒక కంపెనీ తయారుచేసిన పాఠం, పాఠాలు నడిపి నమోదులు ఉంచే వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ అయిన ఎల్‌ఎంఎస్‌లోనూ నడవాలన్నది దాని లక్ష్యం. ఆ పని చక్కగానే చేసింది. అందుకే ఇప్పటికీ టెండరు పత్రాల్లో ఆ పేరు కనబడుతుంది. దాని ప్రకారం పాఠాన్ని ఎస్‌సీవో అనే ముక్కలుగా కోయాలి. ప్రతి ముక్కా తన సంగతిని ‘లెసన్ స్టేటస్’ అనే గడిలో రాయాలి. ఆ గడిలో రాయగలిగినవి ఆరే: నెగ్గాడు, తప్పాడు, పూర్తయింది, పూర్తికాలేదు, ఊరికే చూశాడు, మొదలుపెట్టలేదు.

చిక్కంతా ఇక్కడే పడింది. పాఠం చివరిదాకా చూశాడా అన్నది ఒక ప్రశ్న, పాఠం వచ్చిందా అన్నది మరొకటి. రెండింటికీ ఒకటే గడి ఇచ్చారు. అందులో ‘పూర్తయింది’ అని రాస్తే ‘నెగ్గాడు’ అని రాయడానికి చోటు లేదు. పైగా ముక్క తన స్థితి ఏమీ రాయకుండా మూతపడితే, ఎల్‌ఎంఎస్ తనంతట తానే ‘పూర్తయింది’ అని నింపే పద్ధతి కూడా అందులోనే ఉంది. ప్రశ్నలు తయారుచేయించే ఖర్చు లేకుండా వీడియో ఒక్కటే పెట్టిన తయారీదారుకు ఇంతకంటే సుళువైన దారి లేదు. తెరిచి మూసినా పచ్చగీతే. తప్పు తెలిసి స్కార్మ్ 2004 కూర్పులో పూర్తికి ఒక గడి, విజయానికి ఒక గడి విడగొట్టారు. అయితే అప్పటికే పాఠాలు తయారుచేసే పనిముట్లు, వాటిని కొనేవాళ్లు 1.2కు అలవాటుపడ్డారు. ఎక్కువమంది అందులోనే ఉండిపోయారు. తర్వాత వచ్చిన మొబైల్ యాప్‌లు చాలావరకు స్కార్మ్‌ను వదిలేసినా, దాని ‘పూర్తి’ని మాత్రం వదల్లేదు.

ముక్కలు చిన్నవి కావడం వెనక బోధనతో సంబంధం లేని కారణం కూడా ఒకటి ఇదే ప్రమాణంలో ఉంది. విద్యార్థి ఎక్కడ ఆగాడో, ఏ జవాబు ఇచ్చాడో గుర్తుపెట్టుకోవడానికి 1.2 ఇచ్చిన గది 4,096 అక్షరాలు. అరగంట పాఠంలో అడుగడుగునా ప్రశ్నలు పెడితే ఆ గది నిండిపోతుంది, మిగతాది తెగిపోతుంది, మళ్లీ తెరిచినప్పుడు పాఠం మొదటికొస్తుంది. ఆ బాధ తప్పించుకోవడానికి పాఠాన్ని చిన్నగా కోయడం ప్రోగ్రామర్లకు అలవాటైంది.

పాఠం ముగింపును వేరేలా తేల్చవచ్చని ఇక్కడివాళ్లకు అంతకు పదేళ్ల ముందే తెలుసు. నెల్లూరు జిల్లా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం, దూబగుంట మహిళలు, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లిన పోరాటం అందరికీ కంఠతా వచ్చిన కథ. అందులో ఎవరూ పట్టించుకోనిది వాచకాల అమరిక. జాతీయ సాక్షరతా మిషన్ అప్పట్లో దేశమంతటా తెచ్చిన ఐపీసీఎల్ (చదువు వేగాన్నీ విషయాన్నీ మెరుగుపరిచే) పద్ధతిలో మూడు వాచకాలు, మొత్తం సుమారు 200 గంటల చదువు. ఒక్కో వాచకంలో మూడు పరీక్షలు, అన్నీ కలిపి తొమ్మిది. కొన్ని పాఠాలు కాగానే పుస్తకంలోనే పరీక్ష పేజీ వస్తుంది. చివర్లో చేరాల్సిన స్థాయిని కూడా చేతల్లోనే చెప్పారు: నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 35 మాటలు మనసులో చదువుకోవాలి, చూసి 7 మాటలు, చెబుతుంటే విని 5 మాటలు రాయాలి, 100 దాకా అంకెలు చదివి రాయగలగాలి. ఎన్ని రాత్రులు కేంద్రానికి వచ్చారన్నది ముగింపు కాదు. ఆ ఉద్యమాల అంకెలను పెంచి చూపారన్న విమర్శ దేశవ్యాప్తంగా వచ్చిన మాట నిజమే. కానీ పెంచింది లెక్క రాసినవాళ్లు. వాచకం మాత్రం చూసినంత మాత్రాన పూర్తయినట్టు ఒప్పుకునేలా లేదు. ఇప్పటి యాప్‌లో ఆ ఒప్పుకోలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది.

యాప్ తయారీదారులు తమవైపు చూపే పెద్ద ఆధారం 2014 నాటిది. ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ అనే పరిశోధకులు ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన ఎడ్‌ఎక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించారు. వీడియో ఎంత పొడవున్నా జనం చూసే సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదు. ఆ తర్వాత ‘ఆరు నిమిషాలు’ ఈ రంగంలో శాసనమైపోయింది. ఆ పరిశోధన కొలిచింది చూపును. ఎంత గుర్తుంది అన్నదాన్ని కాదు. దాన్ని కొలిచినవాళ్లు వేరే. 2006లో రోడిగర్, కార్పికీ ఒకే భాగాన్ని కొందరిచేత మళ్లీ చదివించారు, ఇంకొందరిచేత చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది: రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, చదివినవాళ్లకు 42. ముక్క అయిన వెంటనే ఒక బిట్టు అడిగి ‘వచ్చేసింది’ అని మార్కు వేసే యాప్ ఆ ఐదో నిమిషం దగ్గరే ఆగిపోతోంది.

మన రాష్ట్రంలో దీన్ని సరిచేసుకునే వీలు ఒకసారి వచ్చింది. 2017 సెప్టెంబరు 5న నెల్లూరు జిల్లాకే చెందిన వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతి హోదాలో డిజిటల్ పాఠాల జాతీయ వేదిక దీక్షను ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్, కింద ఆరక్షరాల సంకేతం, స్కాన్ చేస్తే ఆ పాఠం. దాని పునాది అయిన సాఫ్ట్‌వేర్ పేరు సన్‌బర్డ్. అందులో పాఠం మొదలవడం, ముగియడం ఒక రకం సంఘటనలు, ప్రశ్నకు జవాబివ్వడం వేరే రకం సంఘటన. అంటే చూడటాన్నీ రావడాన్నీ విడిగా నమోదు చేసే ఏర్పాటు ఉంది. కానీ కోడ్ వెనక ఉన్నది వట్టి వీడియో అయితే ప్రశ్న ఎక్కడిది? జవాబుల వరుస ఖాళీగా ఉంటుంది, పై అధికారికి వెళ్లే పట్టికలో స్కాన్‌లు, నిమిషాలు మిగులుతాయి.

తయారీదారుల వాదనలో బలం లేదని కాదు. ప్రతి ముక్క చివరా నెగ్గితేనే ముందుకెళ్లే గేటు పెడితే వెనకబడ్డ పిల్లలు అక్కడే ఆగి యాప్ మూసేస్తారు, పరీక్షలు పెంచితే మళ్లీ ఉపాధ్యాయులే భారమంటారు. ఇంతవరకు నిజమే.

ఉపాధ్యాయులు చెప్పేది ఇంతకంటే వివరంగా ఉంటుంది. ఇంట్లో ఒకటే ఫోను, ముగ్గురు పిల్లలు. లాగిన్ పెద్దదానిది, చూసేది చిన్నోడు. యర్రగొండపాలెం, దోర్నాల వైపు నల్లమల అంచు ఊళ్లలోనూ, ఉదయగిరి కొండల కిందా సిగ్నల్ దొరికేచోటికి వెళ్లినప్పుడే సమాచారం పంపడం కుదురుతుంది. ట్యాబ్ చార్జింగ్ పూర్తిగా పడిపోతే కొన్నిటిలో గడియారం పాత తేదీకి వెళ్తుంది. ఇవాళ చేసిన పాఠం నిన్నటికంటే ముందు చేసినట్టు సర్వర్ చూపుతుంది. కనిగిరి, పామూరు ప్రాంతాల నుంచి కుటుంబాలు పనులకు వలసపోయి తిరిగొచ్చేసరికి యాప్‌లో వందల పునశ్చరణ ప్రశ్నలు పేరుకుపోయి ఉంటాయి, పిల్ల ఆ అంకె చూసే మానేస్తుంది. బిట్లు ఎప్పుడూ అవే, అదే వరుస, కాబట్టి జవాబులు వాట్సాప్‌లో ముందే తిరుగుతాయి. ఇవేవీ ముక్క పొడవును మారిస్తే పోయేవి కావు.

బిట్ల లెక్క ఒకసారి వేసి చూడాలి. నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్నలు మూడు, రెండు సరైతే నెగ్గినట్టు అనుకుందాం. కళ్లు మూసుకుని నొక్కినా నెగ్గే అవకాశం 64లో 10, అంటే దాదాపు 16 శాతం. ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చంటే, ప్రతిసారీ కొత్త ప్రశ్నలే వచ్చినా ఐదు ప్రయత్నాల్లో అది 57 శాతం. అవే ప్రశ్నలు తిరిగొస్తే ఇక లెక్కతో పనిలేదు. అందుకని ఒక్కో ముక్కకు కనీసం తొమ్మిది ప్రశ్నల నిల్వ, ప్రయత్నానికి మూడు, ఐచ్ఛికాల వరుస మారుస్తూ, రెండు ప్రయత్నాల తర్వాత మరుసటి రోజుదాకా తాళం. వాటిలో ఒకటైనా జవాబు తానే రాసేదై ఉండాలి.

రాసే జవాబు దగ్గర తెలుగుకే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. ‘ఆక్సిజన్’ అని టైపు చేస్తే కొన్ని కీబోర్డులు చివర కంటికి కనబడని ఒక విభజన అక్షరం చేరుస్తాయి, కొన్ని చేర్చవు. కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. యాప్ అక్షరానికి అక్షరం పోల్చితే సరైన జవాబు తప్పవుతుంది. పోల్చేముందు రెండువైపులా దాన్ని తీసేయాలి, యూనికోడ్ రూపాన్ని ఏకరీతి చేయాలి, చివరి ఖాళీలు తుడవాలి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన ప్రశ్నల్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి, మనిషి కన్ను పడకుండా వాటిని నిల్వలో వేయకూడదు. సైజు తగ్గించడానికి ఫాంటును కత్తిరించేటప్పుడు వత్తుల అమరిక చెప్పే పట్టికలు కూడా పోతే తెరంతా విడివిడి అక్షరాలే.

కోత సంగతికొస్తే, నిమిషాలు చూసి కోయడమే మొదటి తప్పు. 2/3 + 1/4 తీసుకుంటే సమాన భిన్నాలు ఒక ముక్క, కనిష్ఠ సామాన్య గుణిజం ఒక ముక్క, హారాలు ఒకటిగా మార్చి కూడటం ఒక ముక్క. మూడింటిలోనూ విడివిడిగా నెగ్గిన పిల్ల ఈ లెక్కకు 3/7 అని రాయగలదు, ఎందుకంటే మూడూ కలిపి వాడాల్సిన అవసరం ఆమెకు ఎక్కడా రాలేదు. మూడు ముక్కలకు ఒకటి చొప్పున వీడియో లేని జోడింపు యూనిట్ పెట్టాలి, అందులో కొత్త పాఠం ఉండకూడదు. ఐచ్ఛికాల్లో 3/7 తప్పక ఉండాలి. అది ఎంచుకున్నవారిని మొదటికి కాకుండా నేరుగా మూడో ముక్కకు పంపాలి. 3/12 ఎంచుకుంటే మొదటి ముక్కకు, హారం మార్చి లవం మరిచారన్నమాట. ఆనాటి అక్షరాస్యతా వాచకాల్లో పరీక్ష పేజీ చేసిన పని ఇదే.

ఎన్ని రోజులకు మళ్లీ అడగాలో చెప్పడానికి 1987 నాటి ఎస్‌ఎమ్-2 సూత్రం చాలు: మొదట 1 రోజు, తర్వాత 6 రోజులు, ఆపైన గత విరామాన్ని 2.5తో మొదలయ్యే గుణకంతో పెంచుతూ పోవాలి, గుణకం 1.3 కంటే దిగకూడదు. వలస వెళ్లొచ్చిన పిల్లల కోసం రోజుకు 20 ప్రశ్నలకు మించకుండా కట్టడి చేసి, మిగతావి కనబడకుండా వెనక ఉంచాలి. సిగ్నల్ లేనిచోట ప్రతి జవాబుకూ ట్యాబ్‌లోనే ఒక విశిష్ట సంఖ్య, ఒక వరుస సంఖ్య ఇవ్వాలి. అప్పుడు గడియారం తప్పినా వరుస తప్పదు, ఒకే జవాబు రెండుసార్లు పంపినా సర్వర్ ఒక్కటే లెక్కిస్తుంది. నాలుగు నిమిషాల పాఠాన్ని వీడియోగా కాకుండా బొమ్మలూ మాటగా ఇస్తే, ధ్వనిని కుదించే ఫార్మాట్ అయిన ఓపస్‌లో 24 కేబీపీఎస్ ధ్వనికి సుమారు 720 కేబీ, 60 కేబీ బొమ్మలు ఎనిమిదికి మరో 480 కేబీ. అదే పాఠం 480పీ వీడియో అయితే 15 ఎంబీ దాకా ఉండొచ్చు.

ఇప్పటికే కొన్న స్కార్మ్ 1.2 పాఠాలను పారేయనక్కర్లేదు. ప్రతి ప్యాకేజీలో ఉండే మానిఫెస్ట్ ఫైలులో నెగ్గడానికి కావాల్సిన కనీస స్కోరు చెప్పే ‘మాస్టరీ స్కోర్’ అనే అంశానికి 80 అని ఇచ్చి, పాఠం చివర ప్రశ్నల స్కోరు పంపేలా చేస్తే, ముక్క ఏం చెప్పుకున్నా ఎల్‌ఎంఎస్ ఆ స్కోరునే చూసి నెగ్గాడా తప్పాడా రాస్తుంది. వీడియో ముట్టుకోవాల్సిన పనిలేదు. పాత ‘పూర్తయింది’ నమోదులను మాత్రం వేరే నిలువు వరుసలో ఉంచాలి, కొత్తవాటితో కలిపి శాతం వేయకూడదు. కలిపిన మరుక్షణం మండలాల శాతాలు పడిపోయినట్టు కనబడి సంజాయిషీలు అడుగుతారు. మిగిలిన ఖర్చు ప్రశ్నల నిల్వదే. వీడియో నిమిషానికి ఇంత అని డబ్బు చెల్లించే ఒప్పందంలో దానికి పద్దు లేదు. కొత్త టెండరు పత్రంలో ఆ పద్దు చేరుస్తారా అన్నదే ఇప్పుడు రెండు పక్షాలూ అడగాల్సిన ప్రశ్న.